శివలీల అతుకు

బండి మళ్ళీ అదే చోట ఆగింది. రాజంపేటకు పోయే దారిలో బొప్పాయి తోట దాటాక రోడ్డు కొంచెం కుంగి పైకి లేచే చోటు అది. పెట్రోలు అయిపోయిన బండి కనీసం నాలుగుసార్లు దగ్గి మరీ ఆగుతుంది. ఇది అట్లా కాదు, ఉన్నట్టుండి నోరు మూసుకుంది. హారన్ పలకలేదు. లైటు వెలగలేదు. తాళం తిప్పితే చిన్న దీపమైనా రాలేదు.

మునీంద్ర దిగి స్టాండు వేశాడు. వెనక సీటు మీద చీరల మూట, దాని మీదుగా అటూ ఇటూ తాళ్ళు. ఫ్యూజు ఉండే పక్కడబ్బా మూత తెరవాలంటే ఆ తాళ్ళు విప్పి మూట దించక తప్పదు. గట్టు మీద టవలు పరిచి దాని మీద మూట పెట్టాడు. నేసిన బట్ట నేలకు తగిలితే ఒప్పుకునే చేతులు కావవి. ఫ్యూజు బయటికి లాగి, నోటితో గట్టిగా ఊది, లుంగీకి తుడిచి మళ్ళీ బిగించాడు. మొదటి కిక్కుకే ఇంజను అందుకుంది.

"ఊదితే దయ్యాలే పోతాయి, నువ్వెంత?" అన్నాడు బండితో.

ఊదడం మీద అతనికి అంత గురి. మామూలు రోజుల్లో అయితే ఈ బండి ఆగడం, తను ఊదడం, మళ్ళీ పోవడం ఒక ఆటలా సాగిపోయేది. ఇప్పుడు అట్లా కాదు. గురువారం పొద్దున మద్రాసు రైలుకు శివలీల దిగుతోంది. "పెట్టెలు ఆటోలో రానీ బావా. నేను మాత్రం మన బండెక్కే వస్తా" అని ఫోనులో చెప్పింది. కువైట్‌కు పోయిన ఇన్నేళ్ళలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. భార్యను ఎక్కించుకుని నడిరోడ్డు మీద ఫ్యూజు ఊదుతూ నిలబడటం అతనికి ఇష్టం లేదు.

ఇంకో మాట కూడా ఫోనులో చెప్పింది. వచ్చే టికెట్టుతో పాటు, నెల తిరక్కుండానే మళ్ళీ పోయే టికెట్టూ తీసుకుందట. "ఎందుకంత తొందర?" అని అడగబోయి, "ఆడ ఎండలెట్లుండాయి?" అని అడిగాడు మునీంద్ర. మాటలు రావలసిన చోట ఎండల సంగతి మాట్లాడటం ఆ ఇంటి మగవాళ్ళకు తాతల నాటి నుంచీ అలవాటు.

ఓబుళేశు చీరల అంగట్లో మూట దించేసి, చర్చి వెనక ఉన్న యేసుప్రసాద్ షెడ్డుకు బండిని తోలాడు. దారిలో అది ఒక్కసారీ ఆగలేదు.

"ఏం జబ్బు మునీంద్రన్నా?" అన్నాడు యేసుప్రసాద్, చేతులు గుడ్డపేలికకు తుడుచుకుంటూ.

"ఉన్నట్టుండి ఆగిపోతాందప్పా. కరెంటే ఉండదు."

"ఇప్పుడు ఆడతాండాది గదా."

"ఈడికొచ్చేసరికి బుద్ధొచ్చింది దానికి."

యేసుప్రసాద్ నవ్వాడు. పాత బండ్లన్నీ డాక్టరు ముందర నిలబడిన ముసలోళ్ళలాంటివని అతని అభిప్రాయం. నొప్పి ఎక్కడంటే ఆ నిమిషాన చెప్పలేవు. రెండు వైర్ల టెస్టింగ్ బల్బు తెచ్చి బ్యాటరీ దగ్గర పెడితే వెలిగింది. తాళం దగ్గర పెడితే వెలిగింది. హ్యాండిలు ఎడమకు విరిచాడు, కుడికి విరిచాడు, బల్బు కన్నార్పలేదు. సీటు ఎత్తి, బ్యాటరీ నుంచి ముందుకు పోయే లావుపాటి వైరును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఆ చివరి దాకా లాగినట్టు తడిమాడు.

"వైరింగు పాతదే గానీ యాడా అతుకు లేదన్నా. అతుకుంటే చెయ్యి ఆడ ఆగుతాది. మా పన్లో అతుకు లావుగా ఉండాల, కంటికి అగుపడాల. సన్నగా వేస్తే కరెంటు నిలబడదు."

"మా పన్లో అగుపడితే కూలి కోస్తారు" అన్నాడు మునీంద్ర.

బ్యాటరీ మొనలకు పట్టిన తెల్లటి పొట్టు గీకి, ఎర్తు బోల్టు బిగించి, కొత్త ఫ్యూజు వేసి, యేసుప్రసాద్ తనే బండెక్కి బస్టాండు దాకా పోయి వచ్చాడు. "బంగారంలాగుండాది. భయపడాకు" అన్నాడు. మునీంద్ర ఇంటికి పోయేటప్పుడు బొప్పాయి తోట దగ్గర ఊపిరి బిగబట్టాడు. బండి ఆ కుంగు దిగింది, ఎక్కింది, పోయింది. అతనికి ఈల వేయాలనిపించింది.

ఇంట్లో మగ్గం పనిలేక ఊరికే ఉంది. దాని మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోయి, కొసలు మాత్రం పోగులు దూరే అచ్చులో మిగిలాయి. కొత్త పడుగు చుట్టి సిద్ధంగా ఉంది. ఆ కొసకు ఈ కొస ఒక్కొక్క పోగే కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకుని, పురి పెట్టాలి. వేల పోగులు. ఆ పని ఆడవాళ్ళది. ఆ వీధిలో అతికే చేతులు చాలానే ఉన్నాయి కానీ శివలీల చేతికి ఒక పేరుండేది. ఆమె అతికిన పడుగు మీద కళ్ళు మూసుకుని వేలు నడిపితే అతుకు ఎక్కడుందో తెలిసేది కాదు. నేసే మునీంద్రకే తెలిసేది కాదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆమె పోగును తిప్పేటప్పుడు పెదవులు కొంచెం ముందుకు వచ్చేవి. కువైట్ ఫోనులో ముఖం చూపించినప్పుడల్లా అతను ఆ పెదవుల కోసమే చూసేవాడు. అవి ఎప్పుడూ అట్లా రాలేదు.

"రేయ్ మునీంద్రా" అంది గురమ్మ మూలన కూర్చుని రాట్నం మీద కండెకు నూలు చుడుతూ. కొడుకు మీద కోపమొస్తే ఆమె రాట్నం కొంచెం గట్టిగా తిరుగుతుంది. "మగ్గాన్ని ఎన్నాళ్ళు పండుకోబెడ్తావు? వీధిలో ఎవుర్నన్నా పిలిస్తే రెండు దినాల్లో అతికి పోరా?"

"లీల వచ్చి అతుకుతాదిలేమ్మా."

"ఆ పిల్ల వచ్చేది అతకనీకా, అగుపడి పోనీకా?"

ఆ ప్రశ్నకు జవాబు కోసమే గదా అతను మగ్గాన్ని పండబెట్టింది. పడుగు ముందు ఒకసారి కూర్చున్న నేత మనిషికి, చివరి పోగు దాకా లేవడానికి మనసొప్పదు. లీల కూర్చుంటుంది, వేళ్ళకు పాత రుచి తగులుతుంది, ఆ తర్వాత అచ్చు నిండుతుంది, నాడె అటూ ఇటూ ఆడుతుంది, ఇల్లు మళ్ళీ చప్పుడు చేస్తుంది. పిల్లలు లేని ఇంట్లో మగ్గం చప్పుడు కూడా లేకపోతే ఎట్లా ఉంటుందో అతనికి బాగా తెలిసింది. "పోవద్దు" అనే మాట తన నోట రాదు కాబట్టి, ఆ మాట పడుగు చేత చెప్పించాలని అతని ఎత్తు.

బుధవారం బండిని కడిగాడు. చక్రాల ఊచలు ఒక్కొక్కటే తుడిచాడు. సాయంత్రం ఒంటరిగా బొప్పాయి తోట దాకా రెండుసార్లు పోయి వచ్చాడు. వెనక సీటును చేత్తో తడిమి చూసుకున్నాడు. చీరల మూటలు మోసి మోసి మధ్యలో పల్లం పడింది. దాని మీద పాత దుప్పటి మడిచి వేసి, బాగుండలేదని తీసేశాడు, మళ్ళీ వేశాడు.

"పెండ్లికొడుకు తయారైనాడు" అంది గురమ్మ ఎవరికీ కాకుండా.

గురువారం రైలు పెద్ద ఆలస్యమేమీ లేకుండానే వచ్చింది. శివలీల దిగింది. కొంచెం లావైంది, కొంచెం తెల్లబడింది. అతను నేసి పంపిన నూలు చీరే కట్టుకుంది. మునీంద్ర ఏమనాలో తెలియక "వస్తివా?" అన్నాడు. "వస్తి" అంది ఆమె. పెట్టెలన్నీ వీధిలోని అయ్యన్న ఆటోలోకి ఎక్కించారు. చేతిసంచి అందుకోబోతే ఆమె ఇవ్వలేదు. చేతులు చెంగులో దాచుకుని పట్టుకుంది. చలేమీ లేదు మరి.

బండి చూసి మాత్రం ఆమె ముఖం విప్పారింది. ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, "ఇంకా బతికే ఉండాదే" అంది.

"నీకోసమే బతికుండాది" అన్నాడు. ఆ మాట అనేసినందుకు తనే సిగ్గుపడి కిక్కు కొట్టాడు.

ఆమె వెనక ఎక్కింది. ఇన్నేళ్ళూ మూటల బరువు మాత్రమే తెలిసిన వీపుకు మనిషి వెచ్చదనం తగిలింది. ఊరు దాటారు. ఆమె ఒక చెయ్యి అతని భుజం మీద వేసింది. మునీంద్ర బండిని నెమ్మదిగా తోలాడు. ఇంకొంచెం దూరం ఉంటే బాగుండునని కోరుకున్నాడు. కోరిక అట్లా తీరుతుందని అనుకోలేదు పాపం. బొప్పాయి తోట దగ్గర కుంగు దిగారో లేదో, బండి ఠక్కున ఆగింది.

ఇద్దరూ దిగారు. అతను పక్కమూత తీసి ఫ్యూజు ఊదాడు. కిక్కు కొడితే అందుకుంది. "ఎక్కు" అన్నాడు. ఆమె ఎక్కగానే ఆగిపోయింది. దిగింది. కొడితే అందుకుంది. ఎక్కింది. ఆగింది.

"నేను దిగితే బతుకుతాది, ఎక్కితే చస్తాది" అంది శివలీల. "నన్ను వద్దంటాందేమో బావా."

నవ్వుతూనే అంది కానీ మునీంద్రకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. అప్పుడు మూట గుర్తొచ్చింది. ఆగినప్పుడల్లా వెనక మూట ఉంది. ఫ్యూజు ఊదాలంటే ముందు మూట దించాలి. బండిని బతికించింది ఊదడం కాదు, దించడం. యేసుప్రసాద్ ముందర నిలబడేసరికి మూట అంగట్లో ఉండేది. అందుకే వాడికి జబ్బు కనబడలేదు.

"సీటు కింద ఏందో నలుగుతాండాది లీలా. బరువు పడితేనే కరెంటు పోతాండాది. ఇన్నాళ్ళూ నేను ఊరికే ఊదుకుంటా కూర్చుంటి."

"ఊదేది ఎవురు నేర్పించినారు నీకు?"

"నువ్వే గదా. అహోబిలం పోయినప్పుడు."

ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పిల్లల కోసం మొక్కుకోవడానికి అహోబిలం పోయేటప్పుడు చాగలమర్రి దాటాక ఇదే బండి ఇట్లాగే ఆగింది. అతను మెకానిక్కు కోసం ఎండలో నడుచుకుంటూ పోయాడు. ఎవరూ దొరక్క తిరిగి వచ్చేసరికి బండి ఆడుతూ ఉంది, ఆమె రాయి మీద కూర్చుని ఉంది. ఏం చేసినావంటే "ఊదినా" అంది.

"ఎగతాళికి అంటి బావా. ఇన్నేళ్ళూ నిజమనుకున్యావా? సీటు కింద వైరు తెగింటే నేనే అతికినా. రోడ్డు మీది దుమ్ము వేళ్ళకు అద్దుకుని, పురి పెట్టి, చెంగులో పోగు పీకి చుట్టినా. పైన తొడుగు మళ్ళా జరిపినా."

యేసుప్రసాద్ వేళ్ళు ఆ అతుకు మీదుగానే పోయాయని మునీంద్రకు అర్థమైంది. లావుపాటి అతుకు కోసం వెతికిన చెయ్యి, నేత అతుకును ఎట్లా పట్టుకుంటుంది? కనబడకుండా అతకడం ఆమెకు వచ్చిన విద్య. ఆ విద్య వైరుకు పనికిరాదని ఆ రోజు ఇద్దరికీ తెలియదు.

సీటు ఎత్తి పట్టుకున్నాడు. "ఈడనే ఉండాల, నేను తీస్తా" అంటూ ఆమె వంగి, చెంగులో నుంచి చేతులు బయటికి తీసి, వైరును వేళ్ళ మధ్య పట్టుకుంది. ఆ చివర నుంచి ఈ చివరకు నడిపింది. ఆగలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది, ఈసారి నెమ్మదిగా. కళ్ళు మూసుకుంది. పెదవులు కొంచెం ముందుకు వచ్చాయి. మునీంద్ర ఆ పెదవులనే చూస్తూ ఉన్నాడు కాబట్టి అవి వణకడం కూడా చూశాడు.

"అతుకు తెలియబల్లా" అంది.

అప్పుడు ఆమె చేతులు చూశాడు. వేళ్ళ కొసలు నున్నగా, మెరుస్తూ ఉన్నాయి. గీతలు లేవు. గోళ్ళ పక్కన చర్మం పగిలి, మానిన చోట మళ్ళీ పగిలింది.

"ఇది ఏందే?"

"ఏముండాది. గిన్నెలు, బండలు, మరకలకు పోసే మందు. గ్లౌజులడిగితే పని జరగదంటారు. చర్మం ఊడె, వచ్చె, మళ్ళా ఊడె. నిన్న ఏర్‌పోర్టులో గూడా మిషను మీద వేలు పెడితే ముద్ర పడల్యా. ఆ ఆఫీసరు తుడ్సి తుడ్సి పెట్టించినాడు." ఆమె వైరు వదిలేసింది. "తిరిగి పోయే టికెట్టు ఎందుకు తీసుకున్యావని ఒక్కసారన్నా అడగల్యా నువ్వు."

"అడిగితే పోతానంటావని అడగల్యా."

"అడిగింటే చెప్పేదాన్ని. ఈ వేళ్ళకు పోగు తెలీదు బావా. మగ్గమింట్లో నేనేం జెయ్యాల? అత్త మాదిరి కండె చుట్టాలన్నా పోగు పట్టుకోవాల గదా. ఆడ బండలు తుడ్సేదానికైతే వేళ్ళకు ఏమీ తెలియాల్సిన పన్లా."

ఈసారి మునీంద్రకు ఎండల సంగతి కూడా నోట రాలేదు. ఆమెకు అక్కడి జీతం రుచి తగిలిందని, ఇల్లు చిన్నదైపోయిందని ఇన్ని రోజులు తనలో తను కుమిలాడు. ఆమె ఇంటికి రావడానికి భయపడిందని ఒక్కసారీ అనుకోలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

అతను ఆమె చెయ్యి పట్టుకుని, ఆ వేలి కింద తన వేలు పెట్టి, రెంటినీ కలిపి వైరు మీద నడిపించాడు. సగం దూరంలో ఆగాడు. అక్కడ వైరు వెంట్రుకవాసి మెత్తగా ఉంది. తొడుగు జరిపితే, వెలిసిపోయిన ఎర్రపోగు చుట్టు బయటపడింది. విప్పబుద్ధి కాలేదు. విప్పక తప్పదు. జేబులోని బ్లేడుతో పోగు కోసి, ఆమె అరచేతిలో పెట్టాడు. నల్లబడిన రాగి గీకి, మెలిపెట్టి, మడిచి, మళ్ళీ మెలిపెట్టి, రుమాలు చింపి, సంచిలోని ప్లాస్టిక్ కవరు చింపి, పైన ఇంత లావున చుట్టాడు. ఉండకట్టిన చింతపండులా ఉంది.

"ఏందది, అంత వికారంగా?" అంది శివలీల కళ్ళు తుడుచుకుంటూ.

"బండికి ఇట్లనే ఉండాలంట. అగుపడాలంట."

ఆమె ఎక్కింది. బండి ఆగలేదు.

దారి పొడుగునా అతనికి ఒకటే దిగులు. మగ్గం మీద పడుగు ఉంది. పోవద్దని చెప్తుందనుకున్న పడుగు ఇప్పుడు ఆమె వేళ్ళను వెక్కిరిస్తుంది. ముందే ఎవరినైనా పిలిచి అతికించి ఉంటే బాగుండేది. గడపలో కాళ్ళు కడుక్కుని లోపలికి అడుగుపెట్టగానే శివలీల దాన్నే చూసింది. అతుక్కోని రెండు కొసలనూ చూసింది.

"నీకోసరమే మగ్గాన్ని పండుకోబెట్టినాడు" అంది గురమ్మ, కోడలి ముఖం నిమురుతూ. శివలీల చేతులు మళ్ళీ చెంగులోకి పోయాయి.

సాయంత్రం మునీంద్ర వీధి చివరికి పోయి, అతికే మనిషిని శనివారం రమ్మని చెప్పి వచ్చాడు. ఆ సంగతి శివలీలకు చెప్తే "మంచిది" అంది. ఆ "మంచిది"లో ఏమీ లేదు. రాత్రి అన్నం కూడా ఆమె సగమే తింది.

శుక్రవారం తెల్లారి మునీంద్ర నిద్ర లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. ఆమె మగ్గం దగ్గర, పడుగు ముందు కూర్చుని ఉంది. పక్కన మూకుట్లో బూడిద. ఎన్ని పోగులు పాడయ్యాయో, ఒళ్ళో తెగిన కొసలు చాలానే పడ్డాయి. ఒక పోగును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, వేళ్ళతో కాకుండా కళ్ళతో వెతుకుతూ, దారం దూర్చడం నేర్చుకునే చిన్నపిల్లలా ముడి వేస్తోంది.

అతను వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అప్పటిదాకా అతికినవి చూశాడు. పురి కాదు, అన్నీ ముడులే. నువ్వుగింజల్లా వరసగా కనబడుతున్నాయి. నేసేటప్పుడు ఇవి అచ్చులో తగులుతాయి, కొన్ని తెగుతాయి. అది అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు.

"పురి నిలబల్లా బావా. ముడేస్తాండా."

"వెయ్యి. తెగినవి మళ్ళా కడదాం."

"ఇవన్నీ అగుపడతాయి."

"అగుపడనీ."

ఆమె ఇంకో పోగు తీసుకుంది. అది జారిపోయింది. మళ్ళీ తీసుకుంది. పెదవులు ముందుకు వచ్చాయి. మునీంద్ర ఆ పక్క పోగును విడదీసి, ఆమెకు కనబడేట్టు వెలుతురులో పట్టుకున్నాడు.

"వీధిలోవాళ్ళు రెండు దినాల్లో అతికేస్తారు" అంది ఆమె, ముడి మీది నుంచి చూపు తిప్పకుండా. "నా చేతికి నెల దాటుతాది."

"దాటితే అయ్యన్న ఆటో తోలుకుంటాండాడు, వాళ్ళింట్లో మగ్గం కాళీగుండాది. అంతవరకు నేను ఆడ నేస్తా."

"అది కాదు. టికెట్టు తేదీ దాటిపోతాది."

మునీంద్ర చేతిలోని పోగు కదలకుండా పట్టుకున్నాడు.

"దాటిపోనీ లీలా" అన్నాడు. "పోవద్దు."

ఆమె తల ఎత్తలేదు. ముడి బిగించి, మిగిలిన కొసను పంటితో కొరికి, ఇంకో పోగు కోసం చెయ్యి చాపింది. మూలన గురమ్మ రాట్నం ఆగింది.

"రేయ్, శనివారం రమ్మన్న మనిషికి వద్దని చెప్పిరాపో" అంది. "వచ్చేటప్పుడు పాలు తీసుకురా."